డాక్టరమ్మ మాస్టర్ డిస్క్

తలుపు గడియ ఊడిపడటానికి మూడు తన్నులు పట్టింది. నాలుగో తన్ను చెల్లెలి కడుపులో పడింది. ఇదేమీ అర్ధరాత్రి చాటుగా జరిగిన ఘోరం కాదు. పొద్దున్న తొమ్మిదింటికి, జనమంతా ఆఫీసులకు పరుగులు పెడుతున్న వేళ, కింద దుకాణాలన్నీ తెరిచి ఉండగానే జరిగింది.

అదే సమయానికి డాక్టరమ్మ మేడమెట్లు ఎక్కుతోంది. రెండో మలుపు దగ్గర మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఎదురయ్యాడు. చేతిలో మూరెడు ఇనప కడ్డీ, చొక్కా నిండా తనది కాని నెత్తురు. చుట్టపుచూపుగా వచ్చి వెళ్తున్నవాడిలా నవ్వాడు.

"బాగున్నారా వదినా? ఈ గదికి గాలి బాగా వస్తోంది. పోయిన గది కన్నా చాలా నయం."

ఆమె నోరు తెరిచేలోపే కడ్డీ మొనతో పక్కటెముకల కింద పొడిచాడు. ఎనిమిది మెట్లు దొర్లి కింద పడింది. ఆమెకు ఊపిరి అందేసరికి మోటారుసైకిల్ చప్పుడు వీధి చివర వినిపించింది. ఎవరూ ఆపలేదు. చూడ్డానికి మాత్రం అందరూ వచ్చారు.

పైన చెల్లెలు బల్ల కింద ముడుచుకుని ఉంది. చెవి తమ్మె చిరిగింది. ఎడమ మణికట్టు ఉండాల్సిన చోట లేదు. "వెళ్ళిపోయాడా?" అని మాత్రం అడిగింది. ఏడవలేదు. వాణ్ణి వదిలి వచ్చిన ఐదు నెలల్లో మూడో గది, మూడోసారి. మొదటి గదిలో రెండు పళ్ళు పోయాయి. రెండో గదిలో మరిగే నీళ్ళు కాళ్ళమీద పోశాడు. ఏడుపు ఆ రెండు గదుల్లోనే అయిపోయింది.

డాక్టరమ్మ వైద్యం చదివిన మనిషి కాదు. కంప్యూటర్లు బాగుచేస్తుంది. చచ్చిపోయిందనుకున్న మిషన్‌ని కూడా బల్లమీద పడుకోబెట్టి కళ్ళు తెరిపిస్తుందని వీధివాళ్ళు పెట్టిన పేరది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆమె విషయంలో ఆ లెక్క తప్పింది. వచ్చినవాళ్ళని నాలుగు తిట్టి మరీ పని చేసేది, అయినా ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేది. మందుల షాపు, స్కూలు, వకీలు, చివరికి పోలీస్ స్టేషన్ కూడా.

అలాంటి మనిషికి ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. చెల్లెలి గది ఎక్కడో తెలిసింది అక్కచెల్లెళ్ళిద్దరికే, మరి వాడికెలా తెలుస్తోంది? గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడలకు కళ్ళు కూడా ఉన్నట్టున్నాయి.

జవాబు మర్నాడు మధ్యాహ్నం దొరికింది. మణికట్టుకు పిండికట్టు వేయించుకుని చెల్లెలు షాపులో స్టూలు మీద కూర్చుని ఉంది. ఉన్నట్టుండి అంది, "అక్కా, నిన్న కొడుతూ ఒక మాటన్నాడు. ఆ ఇంజనీరుతో అంత నవ్వుతూ మాట్లాడాలా అని."

"అయితే?"

"ఆయనతో నేను బయటెక్కడా మాట్లాడలేదు. ఇళ్ళ ప్లాన్లు గీసి పంపుతాను, ఏదైనా మార్పుంటే వీడియోలో చెప్తాడు. మొన్న మంగళవారం నవ్వాను, నిజమే. గదిలో నేను, లాప్‌టాప్. అంతే."

డాక్టరమ్మ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. లేచి లాప్‌టాప్ కెమెరా కంటికి నల్ల టేపు అంటించింది, చెల్లెలికి పెదవుల మీద వేలు పెట్టి సైగ చేసింది. తరవాత ఏయే ప్రోగ్రాములు బయటి ప్రపంచంతో మాట్లాడుతున్నాయో ఆ జాబితా తెరిచి కూర్చుంది. పదిలో తొమ్మిది ఆమెకు తెలిసినవే. పదోది ప్రింటర్ సర్వీసట. ప్రతి ఐదు నిమిషాలకీ ముక్కూమొహం తెలియని ఒక అడ్రసుకు కబురు పంపుతోంది. చెల్లెలికి ప్రింటరే లేదు.

నెట్ తీగ పీకి, అప్పుడు ఊపిరి వదిలింది.

"దొడ్డిదారి పెట్టాడే వీడు. వీధి తలుపుకి నువ్వెన్ని తాళాలైనా వేసుకో, దొడ్డితలుపు గడియ లోపలినుంచి తీసిపెట్టి ఉంటే ఏం లాభం? ఇది లోపల కూర్చుని వాడికి తలుపు తీస్తోంది. నువ్వు కొట్టే ప్రతి అక్షరం వాడికి పోతుంది. మాట వింటాడు. మొహం చూస్తాడు. ఇంటివాడికి నువ్వు రాసిన ఉత్తరంలో గది నంబరుతో సహా చదువుకున్నాడు."

చెల్లెలు పైట చెంగు నోట్లో కుక్కుకుంది. ఐదు నెలలుగా బట్టలు మార్చుకున్న ప్రతి గదిలోనూ ఆ లాప్‌టాప్ తెరిచే ఉంది.

డాక్టరమ్మ ఆ దొంగ ప్రోగ్రాముని ఆపి, చెరిపి, మిషన్ మళ్ళీ వెలిగించింది. రెండు నిమిషాల్లో అది తిరిగొచ్చి కూర్చుంది. వెతగ్గా వెతగ్గా ఇంకో మూల కాపలాదారు ఒకడు దొరికాడు. దొంగని ఎవరైనా తీసేస్తే మళ్ళీ తెచ్చి నిలబెట్టడమే వాడి పని. వాణ్ణీ తీసేసింది. అయినా ఆమెకు తృప్తి లేదు. ఒకసారి దొడ్డిదారి పడిన మిషన్‌లో ఇంకెన్ని కన్నాలున్నాయో చెప్పలేం. గీసిన ప్లాన్లు మాత్రం వేరే తీసిపెట్టి, లాప్‌టాప్‌ని మొత్తం తుడిచేసింది. ప్రోగ్రాములన్నీ మొదటినుంచి ఎక్కించడానికి సొరుగులోంచి తన మాస్టర్ డిస్క్ తీసింది.

ఆ డిస్క్ గురించి చెప్పాలి. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. ప్రతి మిషన్‌కీ విడివిడిగా ఎక్కించే ఓపిక ఎవరికుంటుంది? అవసరమైనవన్నీ అందులో ఒకేచోట పెట్టి, అందరికీ అందులోంచే ఎక్కించేది. అసలు ప్రోగ్రాములు కొనే స్తోమత లేనివాళ్ళ కోసం వాటి తాళాలు పగలగొట్టే క్రాక్ కూడా అందులోనే ఉంది. క్రాక్ నడపబోతే యాంటీవైరస్ గోల చేస్తుంది. అందుకే ముందు యాంటీవైరస్ ఆపాలి, క్రాక్ నడపాలి, మళ్ళీ వెలిగించాలి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఇది వెన్నతో పెట్టిన విద్య.

ప్లాన్లు గీసే ప్రోగ్రాముకి క్రాక్ నడపబోతుంటే తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది.

"అదెందుకక్కా అలా అరుస్తోంది?"

"దొంగసరుకు కనబడితే అది అలాగే అరుస్తుందిలే. ముందు దాని నోరు నొక్కాలి."

నోరు నొక్కింది. క్రాక్ నడిచింది. నెట్ తగిలించింది. అంతా సరిగ్గా ఉందో లేదో అని, అలవాటు కొద్దీ ఆ జాబితా మళ్ళీ తెరిచింది.

ప్రింటర్ సర్వీసు.

అరగంట క్రితం నున్నగా తుడిచిన మిషన్. ఆమె తప్ప ఇంకెవరూ వేలుపెట్టలేదు. చెల్లెలు కూడా తెర చూసింది. ఆమె నోరు తెరవబోతుంటే డాక్టరమ్మ అరచేత్తో గట్టిగా మూసేసింది. ఇప్పుడు అది వింటోంది. చెల్లెల్ని రెక్కపట్టుకుని వెనక సందులోకి లాక్కెళ్ళింది.

"ఆ డిస్క్ ఎవరు చేశారో తెలుసా?" అంది.

చెల్లెలికి తెలుసు. పెళ్ళికి ముందు రెండేళ్ళు మరిది ఈ షాపులోనే పనిచేశాడు. చెయ్యి తిరిగిన పనివాడు, మాట నెమ్మది. ఆ నెమ్మది చూసే డాక్టరమ్మ ఏరికోరి సంబంధం కుదిర్చింది. డిస్క్ తయారుచేసిందీ అతనే. క్రాక్ సంగతి నేను చూసుకుంటాను, మీకెందుకు డాక్టరమ్మా శ్రమ, అన్నాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈమె పట్టకపోగా ఇంటింటికీ తీసుకెళ్ళి దింపింది.

"మొదటి గదికి వెళ్ళేముందు నీ లాప్‌టాప్ తుడిచి ఎక్కించాను. రెండోదానికి కూడా. మొన్న కూడా. జాగ్రత్త అనుకుని చేశానే. మూడుసార్లూ వాడికి తలుపు తీసింది నేనే."

చెల్లెలు మంచిగా ఉన్న కుడిచేత్తో అక్క చెంప పగలగొట్టింది. ఇంకోటి కొట్టింది. మూడోది కొట్టబోయి, ఆ చేత్తోనే అక్క మెడ పట్టుకుని వేలాడింది. మొగుడు ఎముక విరిచినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. డాక్టరమ్మకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతకన్నా గట్టిగా, వాణ్ణి చంపాలనిపించింది.

చంపడం మాట పక్కనపెట్టి ఉపాయం ఆలోచించారు. దొడ్డితలుపు ఇప్పుడే మూయకూడదు. లోపలికెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చుని, ఇద్దరూ పెద్దగా అబద్ధాలు మాట్లాడుకున్నారు. రైలు గేటు పక్క పసుపు మేడ, రెండో అంతస్తు, రేపు పదింటికల్లా సామాను దింపాలి, అక్క రాదు, చెల్లెలు ఒక్కతే ఉంటుంది. నిజానికి డాక్టరమ్మ చెల్లెల్ని ఆ సాయంత్రమే తనకు తెలిసిన ఒక రిటైరైన నర్సమ్మ ఇంట్లో దాచింది.

తరవాత ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ మొదట తల అడ్డంగా ఊపాడు, తరవాత చెల్లెలి పిండికట్టు చూసి నిలువుగా ఊపాడు. మఫ్టీలో ఇద్దరిని పంపుతానన్నాడు. ఫిర్యాదు టైపు చేస్తున్న స్టేషన్ రైటర్ మాత్రం చాదస్తపు మనిషి.

"అమ్మాయి ప్రస్తుతం ఎక్కడుంటోంది?"

"పసుపు మేడ అని రాసుకోండి."

"అది మీ నాటకం డాక్టరమ్మా. ప్రభుత్వ కాగితం మీద అబద్ధం ఎక్కకూడదు. రేపు కోర్టులో నా ఉద్యోగానికొస్తుంది. నిజం చెప్పండి."

నర్సమ్మ ఇంటి నంబరు చెప్పింది. రైటర్ రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. మరిది పేరు, చెల్లెలి పేరు, ఇంటి నంబరు, వీధి.

మర్నాడు పసుపు మేడలో కూర్చున్నారు. డాక్టరమ్మ, ఒక కానిస్టేబులు, మనుషులు చాలక కూడా వచ్చిన రైటరు. పదైంది. పదిన్నరైంది. కిటికీ సందులోంచి చూస్తే రైలు గేటు తప్ప ఏమీ కదలడంలేదు. తోచక రైటర్ కబుర్లు మొదలెట్టాడు.

"నిన్న మీ ఫిర్యాదు టైపు చేయడానికి నా తాతలు దిగొచ్చారనుకోండి. ఆ కంప్యూటరు ఒకటే నత్తనడక."

"మీ వేళ్ళది నత్తనడక, కంప్యూటరుది కాదు," అంది డాక్టరమ్మ.

"అదేమిటి, మీ చేతిపనేగా అది? పోయిన ఏడాది మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించి ఇచ్చింది మీరేగా?"

డాక్టరమ్మ లేచి నిలబడింది. అవును, తుడిచింది. నల్ల డబ్బాలోంచి ఎక్కించింది. యాంటీవైరస్ నోరు నొక్కింది. నిన్న అదే మిషన్‌లో వాడి పేరు, పక్కనే నర్సమ్మ ఇంటి నంబరు.

"బండి తియ్యండి! వాడు ఇక్కడికి రాడు! వాడు అక్కడున్నాడు!"

నర్సమ్మ గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో నర్సమ్మ గోడకు జారగిలబడి, నుదుటి గాయాన్ని తనే ఒత్తిపట్టుకుని ఉంది. "నేను బతుకుతాను, లోపలికి పో," అంది. బండి ఆగకముందే దూకిన డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. రైటర్ ఫోనులో స్టేషన్‌కు అరుస్తున్నాడు, కానిస్టేబులు వెనక వేరే బండిలో ఇంకా రాలేదు.

మరిది స్నానాలగది తలుపుని కడ్డీతో చీలుస్తున్నాడు. సగం చెక్క ఊడిపోయింది. కన్నంలోంచి చెయ్యి దూర్చి గడియ కోసం వెతుకుతున్నాడు. లోపల చెల్లెలు ఆ చేతిని కొరికినట్టుంది, "లంజా!" అని అరిచి చెయ్యి లాక్కున్నాడు. మణికట్టు దగ్గర పళ్ళగాట్లలోంచి నెత్తురు కారుతోంది.

బల్లమీద ఇస్త్రీపెట్టె ఉంది, బరువైన పాతకాలం రకం. డాక్టరమ్మ దాని పిడి పట్టుకుని, నడుము తిప్పి, బలమంతా పెట్టి విసిరింది. తలకు గురిపెడితే భుజానికి తగిలింది. ఎముక చప్పుడైంది. వాడు తూలి, తిరిగి, ఎడమచేత్తో కడ్డీ దింపాడు. ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు పెన్సిళ్ళలా విరిగాయి. మళ్ళీ దింపాడు. ఈసారి మోకాలి మీద. కూలబడింది.

"మీరు మంచి పనివాళ్ళు వదినా," అన్నాడు రొప్పుతూ, ఆమె జుట్టు గుప్పిట పట్టి తల వెనక్కి విరుస్తూ. "నేను వెళ్ళలేని చోటికి కూడా నన్ను తీసుకెళ్ళారు. పోలీస్ స్టేషన్‌కి కూడా!"

కడ్డీ లేచింది. అప్పుడే గడియ తీసిన చప్పుడైంది. లోపలినుంచి, చెల్లెలే తీసింది. ఆమె చేతిలో ఫ్లష్ తొట్టి మీది పింగాణీ మూత ఉంది. కుడిచేత్తో పట్టి, పిండికట్టు ఉన్న చేతిని ఆసరా చేసి, వాడి వెనకతల మీద దించింది. మూత రెండు ముక్కలైంది. వాడు మోకాళ్ళమీద పడ్డాడు. చేతిలో మిగిలిన ముక్కతో దవడ మీద కొట్టింది. పడుకున్నాక కాళ్ళమీద కొట్టింది. మరిగే నీళ్ళు పోసిన కాళ్ళు తనవి, కొడుతున్న కాళ్ళు వాడివి, ఒక్కో దెబ్బకూ లెక్క చెల్లుతున్నట్టు కొట్టింది. ఆపమని అక్క ఒక్క మాటా అనలేదు. రైటర్ వచ్చి, రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది.

వాడు చావలేదు. సంకెళ్ళు పడ్డాక నెత్తురుతో కలిసిన పన్నొకటి ఉమ్మి, డాక్టరమ్మ వైపు చూసి నవ్వాడు.

"ఊళ్ళో ఇంకా రెండొందల ఇళ్ళున్నాయి వదినా. ఎవరితో చెప్పుకుంటారు?"

అందరితోనూ చెప్పుకుంది. డిస్క్ సాక్ష్యం కింద పోలీసులకిచ్చేసి, కుడిచేతికి కట్టుతో, కుంటుకుంటూ, షాపుకి వచ్చినవాళ్ళ పేర్ల పుస్తకం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగింది. ప్రతిచోటా ఒకటే మాట. మీ కంప్యూటర్‌లో దొంగ ఉన్నాడు, పెట్టింది నేనే, తెలియక పెట్టాను, తీసేయడానికి వచ్చాను. ముందు నెట్ పీకేది. ఉత్తరాలు, ఫోటోలు మాత్రం విడిగా తీసి, మిగతాదంతా తుడిచి, అసలు కంపెనీ ఇచ్చిన సరుకు మాత్రమే ఎక్కించేది. క్రాక్ అడిగినవాళ్ళని వెనకటిలాగే తిట్టేది. పాస్‌వర్డులన్నీ మార్చుకోమని, కానీ తుడవని ఇంకే మిషన్‌లోనూ మార్చొద్దని, లేకపోతే కొత్త తాళంచెవి కూడా దొంగకే ఇచ్చినట్టని ఒకటికి రెండుసార్లు చెప్పేది.

వకీలు కేసు పెడతానన్నాడు. స్కూలు పంతులమ్మ మొహం మీదే తలుపు వేసింది. మందుల షాపాయన ఇంట్లో కంప్యూటరు పడకగదిలో ఉండేదట. ఆయన భార్య డాక్టరమ్మనే చూస్తూ కూర్చుంది. ఆ చూపుకన్నా కడ్డీ దెబ్బే నయమనిపించింది డాక్టరమ్మకు. చేసిన పాపానికి కాళ్ళు అరిగేలా తిరగడం తప్ప ఇంకో మందు లేదని ఆమెకు తెలుసు. తిరిగింది.

నాలుగు వారాలకు పేర్లన్నీ అయిపోయాయి. విరిగిన రెండు వేళ్ళు వంగడం మానేశాయి. చివరగా చెల్లెలి లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎడమచేత్తో, ఒక్కో ప్రోగ్రామూ చూసి మరీ ఎక్కించింది. ప్లాన్లు గీసేది ఇంజనీరు ఇప్పించిన అసలుది. జాబితా తెరిచి గంటసేపు చూసింది. ప్రింటర్ సర్వీసు రాలేదు. ఇంకో గంట చూసింది.

చెల్లెలు సాయంత్రం వచ్చింది. భుజాన సంచి, చేతిలో పెట్టె. చెవి తమ్మెకి కుట్లు విప్పేశారు. వచ్చే వారం వాడికి బెయిలు రావచ్చని ప్రభుత్వ వకీలు చెప్పాడట. అందుకే ఈరోజే కదులుతోంది.

"శుభ్రంగా ఉంది," అని లాప్‌టాప్ చేతికిచ్చింది డాక్టరమ్మ. "ఈసారి నిజంగానే శుభ్రంగా ఉంది. ఎక్కడే గది?"

మాట జారాక గానీ తానేమడిగిందో ఆమెకు తెలియలేదు.

చెల్లెలు లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి జిప్పు వేసింది.

"నీ మీద కోపం పోయిందక్కా. ఒట్టు, పోయింది. కానీ చెప్పను."

"చెప్పకు," అంది డాక్టరమ్మ.

"నేనే వస్తుంటాను, అప్పుడప్పుడూ."

"రా. చెప్పకుండానే రా."

చెల్లెలు వంగి అక్క వంగని వేళ్ళని ఒకసారి పట్టుకుని వదిలి, పెట్టె ఎత్తుకుంది. గుమ్మం దిగాక ఆమె కుడివైపు వెళ్తుందో ఎడమవైపు వెళ్తుందో కంటపడకుండా డాక్టరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా తల తిప్పలేదు.